మిర్గంలో మేలుకున్న పత్తి

వనిత కుడిచేతి బొటనవేలి గోరు కాస్త పొడుగ్గా, అంచు పదునుగా ఉంటుంది. సోకుకు పెంచుకున్నది కాదు. పత్తి మొగ్గ విచ్చుకునే ముందటి రోజు మధ్యాహ్నం ఆ గోటితో మొగ్గ మొదట్లో చుట్టూ ఒక గీటు పెట్టి మెల్లగా తిప్పితే, రేకులూ పుప్పొడీ కలిసి చిన్న టోపీలా ఊడివస్తాయి. లోపల ఆడభాగం ఒక్కటే మిగులుతుంది. దానికి ఎర్ర కాగితం తొడిగి, మర్నాడు పొద్దున వేరే రకం పువ్వు తెచ్చి తాకించి, గుర్తుకు దారం కడతారు. క్రాసింగ్ అంటారు ఈ పనిని. పదో తరగతితో చదువు ఆగిపోయిన ఏడాదే వనిత ఇందులో చేరింది.

ఆ పనిలో పడితే ఆమెకు పగలే కల వచ్చినట్టు ఉంటుంది. సాలు మొదట్లో నిలబడ్డది గుర్తుంటుంది. మళ్లీ తలెత్తి చూస్తే సాలు చివర ఉంటుంది. నడుమ ఎవరు నడిచారో, ఆ మొగ్గలన్నీ ఎవరి వేళ్లు గిల్లాయో తెలియదు. ఎండ, తేనెటీగల రొద, పుప్పొడి వాసన కలిసి ఆమెను ఎక్కడికో మోసుకుపోయి మళ్లీ తెచ్చి దించేవి.

"పిల్ల మళ్ల పోయింది," అని నవ్వేది పక్క సాలులోని రాజక్క. "ఏ ఊరి దాక పోయినవే వనితా? వచ్చేటప్పుడు నాకు జర తంబాకు తేకపోయినవా?"

"యాది లేదక్కా, రేపు పోయినప్పుడు తెస్త," అనేది వనిత.

ఆదిలాబాద్ నుంచి ఉట్నూర్ పోయే దారిలో ఉన్న సర్కారు పత్తి ఫారం అది. నల్లరేగడి చేను, ఒక పెద్ద రేకుల గోదాం, ఒక ఆఫీసు, ఆఫీసు వెనక విత్తనాలు దాచే చల్లటి గది. ఆ గదిలోని కవర్ల మీద పేర్లుండవు, అంకెలుంటాయి. ఒక్క కవరును మాత్రం ఫారంలో అందరూ పేరుపెట్టి పిలుస్తారు. లింగవ్వ పత్తి అంటారు. లింగవ్వ, వనిత తల్లి.

వనిత చిన్నపిల్లగా ఉన్నప్పుడు, ఉట్నూర్ అవతల వాళ్ల ఊరికి ఒక జీపు వచ్చింది. అందులోంచి రామచంద్రం అనే కుర్ర శాస్త్రవేత్త దిగాడు. ఒంగోలు వైపు మనిషి. అప్పుడే ఫారంలో ఉద్యోగంలో చేరాడు. పాతకాలపు పత్తి ఎవరి దగ్గరుందని ఇల్లిల్లూ అడిగాడు. లింగవ్వ తన జొన్నచేను నడుమ పెట్టుకునే పత్తిని చూపించింది. పసుపు పువ్వు, పువ్వు గొంతులో ఎరుపు, నేల వైపు వంగి వేలాడే కాయ. వానలు లేకున్నా వేరుతో లోతుకు పోయి నీళ్లు తాగే చెట్టు. ఒడినిండా గింజలు పోసి, "మా అవ్వగారింటి ఇత్తనం సారూ, పదిలంగ సూస్కో," అని చెప్పి పంపింది.

తర్వాత ఊరికి దుకాణం విత్తనాలు వచ్చాయి. ఒకరిని చూసి ఒకరు అందరూ వాటికే మళ్లారు. లింగవ్వ కూడా మళ్లింది. పాత గింజ ఊళ్లో ఎవరి విత్తనాల గురుగులోనూ మిగల్లేదు. లింగవ్వకు దాని గురించి చింత లేదు. "నాది ఫారంల ఉన్నది," అనేది. మంచి ఇంట్లో ఇచ్చిన బిడ్డ గురించి చెప్పినట్టే చెప్పేది.

ఆ బిడ్డ ఎట్లా ఉందో వనితకు తెలుసు. ఒక ఏడు కాయ పగిలే వేళ వానలు విడవకుండా కురిసి కాయలన్నీ చెట్టు మీదే మురిగాయి. ఆ తర్వాత కరెంటు కోతల్లో చల్లటి గది ఎన్నోసార్లు వేడెక్కింది. మిగతా రకాలు ఎట్లాగో తట్టుకున్నాయి. లింగవ్వ పత్తి మాత్రం తగ్గుతూ తగ్గుతూ గుప్పెడుకు వచ్చింది. ఈ భూమ్మీద అది ఇంకెక్కడా లేదు. వనిత ఈ సంగతి తల్లికి చెప్పలేదు. పండుగకు పోయినప్పుడల్లా చెప్పాలనుకునేది, చెప్పకుండానే జీపెక్కి వచ్చేసేది.

అప్పటికి వనిత ఒళ్లో కూడా ఒక బిడ్డ ఉంది. స్పందన నెలలు నిండకుండా పుట్టింది. దవాఖానలో అద్దాల పెట్టెలో పెట్టారు. వనిత ఆ అద్దానికి నుదురు ఆనించి, పిల్ల డొక్క లేస్తుందా పడుతుందా అని చూస్తూ నిలబడింది. పిల్ల ఇంటికొచ్చి, పాలు తాగి, బుగ్గలు వచ్చినా ఆ చూపు పోలేదు. పనికి వచ్చినప్పుడు గోదాంలో రెండు స్తంభాల నడుమ చీరతో ఉయ్యాల కట్టేది. మొగ్గలు గిల్లుతూ గిల్లుతూ మధ్యలో లేచి పోయి, పిల్ల ముక్కు కింద వేలు పెట్టి, వెచ్చటి ఊపిరి తగిలాక తిరిగొచ్చేది. చల్లటి గదిలోకి పోయినప్పుడు కూడా అంతే. ఆ కవరును అరచేతిలో పెట్టుకుని కాసేపు నిలబడేది. లోపల ఏదో మెల్లగా లేచి పడుతున్నట్టు అనిపించేది.

ఆ వేసవి చివర రాష్ట్రం వచ్చింది. జూన్‌లో ఆఫీసు ముందు జెండా ఎగరేసి లడ్డూలు పంచారు. రాజక్క రెండు లడ్డూలు తీసుకుని ఒకటి కొంగున కట్టుకుంది. ఆ వెంటనే పంపకాల మాట మొదలైంది. నీళ్లు, కరెంటు, ఉద్యోగులు, ఆఫీసులు, బండ్లు, అన్నిటికీ పాళ్లు వేస్తున్నారని చెప్పుకునేవాళ్లు.

"కుర్చీలు గూడ పంచుతరట," అంది రాజక్క, అన్నం గిన్నె మూత తీస్తూ. "రెండు కాళ్లు మనకు, రెండు కాళ్లు వాళ్లకు. ఇగ ఇటు సార్లు, అటు సార్లు అందరు గోడకు ఆనుకొని కూసోవాలె."

అందరూ నవ్వారు. వనిత కూడా నవ్వింది గానీ ఆమె కళ్లు ఆఫీసు వైపే ఉన్నాయి. బడి చదువు ఎక్కడ సాగితే ఆ రాష్ట్రం మనిషిగా లెక్కట. రామచంద్రం సారు బడి చదువంతా ఒంగోలు దగ్గరే. చెవుల పక్క వెంట్రుకలు తెల్లబడిందాకా ఇక్కడే ఉన్నా, ఇక వెళ్లిపోవాలి. విత్తనాలకూ రెండు పాళ్లు వేయాలి.

ఆ పని కోసం హైదరాబాద్ నుంచి నిరంజన్ వచ్చాడు. సారు స్థానంలో ఫారం చూసుకోబోయేది కూడా అతనే. జమ్మికుంట పిల్లవాడు. మార్కెట్ యార్డు పక్కనే ఇల్లు కావడంతో పత్తి కుప్పల మీద దుంకుతూ పెరిగాడు. వచ్చిన రోజే వనిత బిడ్డను ఎత్తుకుని, "ఏం పేరే నీది?" అని అడిగి, చొక్కా తడిపించుకున్నాడు.

మూడు రోజులు విత్తనాలు పంచారు. ప్రతి రకం చెరిసగం. చివరికి ఆ కవరు మిగిలింది. వనిత తలుపు దగ్గర నిలబడి ఉంది.

"రూలు ప్రకారం ఇది గూడ సగమే సార్," అన్నాడు నిరంజన్.

"ఇందులో సగం ఏముందయ్యా? ఉన్నదే గుప్పెడు, అందులోనూ ముసలి గింజ. చీలిస్తే అక్కడా నిలబడదు, ఇక్కడా నిలబడదు," అన్నాడు రామచంద్రం.

"అయితే మీరే మొత్తం తీస్కపోండి."

"నేనెలా తీసుకెళ్తాను? ఇక్కడి గింజ."

"మరి మాకే విడిచిపెట్టండి."

"విడిచిపెడితే? ఈ గదిలో కరెంటు సంగతి నువ్వింకా చూళ్లేదు."

నిరంజన్ కవరును తిప్పి తిప్పి చూసి కింద పెట్టాడు. "నాకు వేరే దారి లేదు సార్. సగం సగమే రాస్త. రేపు పొద్దున బండి వస్తది."

రామచంద్రం కవరు తెచ్చి వనిత చేతిలో పెట్టాడు. "పుచ్చు గింజలు ఏరేసి రెండు పాళ్లు చేసి ఉంచమ్మా." లోపలికి వెళ్లిపోయాడు.

గోదాంలో ఉయ్యాల పక్కన కూర్చుని వనిత గింజలను చాటలో పోసింది. బూడిద రంగు నూగుతో చిన్న చిన్న ఎలుకపిల్లల్లా ఉన్నాయి. రేకుల సందులోంచి ఎండ ఒక కడ్డీలా దిగి, చాట మీద పడింది. ఆ వెలుతురులో దూది పోగులు ఎగురుతున్నాయి. ఒక గింజను అటు జరిపింది. తర్వాత ఇటు జరిపింది. ఏది అటు పోవాలి, ఏది ఇటు ఉండాలి? చేతిలోకి తీసుకున్న ప్రతి గింజా తనను ఇక్కడే ఉంచమన్నట్టుండేది. దూరం పోయే గింజ దేనికి జడవాలో, దగ్గరుండే గింజ దేనికి జడవాలో ఆమెకు అంతుపట్టలేదు. కళ్లు బరువెక్కాయి. కల లాంటిదేదో ఆమెను మళ్లీ ఎత్తుకుపోయింది. ఆ కలలో తల్లి ఇంటి వాకిట్లో కూర్చుని పేడనీళ్లు కలుపుతోంది.

వాళ్ల ఇంట్లో పత్తి గింజను ఉత్తగా గడప దాటించరు. అడిగిన వాళ్లకు ఇచ్చేటప్పుడు పేడనీళ్లు, బూడిద పట్టించి, నూగు అణిగేట్టు రుద్ది, తడిగుడ్డలో కట్టి ఇస్తారు. అందుకున్నవాళ్లు నేరుగా చేనుకు పోయి పెట్టుకుంటారు. అది మిర్గం, తొలకరి మృగశిర కార్తె. మిర్గంలో గింజ బయటికి వచ్చిందంటే నేలలోకి పోవడానికే. ఫారంలోనూ ఇన్నేళ్లుగా జూన్‌లో ఏ సారు విత్తనం అడిగినా విత్తడానికే అడిగాడు. ఒక గదిలోంచి తీసి ఇంకో గదిలో పెట్టడానికి మిర్గంలో గింజను అడుగుతారని ఆమె మనసుకు తట్టనే లేదు.

వనిత లేచి పేడ తెచ్చింది. కలిపింది. పాళ్లు చేయడం చేతకాక, గింజలన్నిటికీ ఒకేసారి పట్టించింది. తడిగుడ్డలో మూట కట్టి, పైన తడి గోనె కప్పి, నీళ్ల కుండ పక్కన పెట్టింది. పొద్దున చెరిసగం చేద్దామనుకుంది. పిల్లను భుజాన వేసుకుని ఇంటికి పోయింది.

పొద్దున రామచంద్రం మూట విప్పాడు. నిరంజన్ వంగి చూశాడు. పేడ పూత పగిలి, కొన్ని గింజల మొనల్లో పాలపన్ను లాంటి తెల్లటి మొలక కనిపిస్తోంది.

"ఏం జేసినవక్కా?" అన్నాడు నిరంజన్. గొంతు లేచింది. "గివి ఎండవెట్టి దాసేటివి! ఇప్పుడు నేనేం రాయాలె, ఏం పంపాలె?"

వనితకు అప్పుడు తెలిసింది తానేం చేసిందో. "విత్తుతరనుకున్న సారూ," అంది. "మిర్గం గదా. విత్తుతరనుకున్న."

"సార్, ఇప్పుడు వీటిని ఎండవెడితే?" నిరంజన్ రామచంద్రం వైపు తిరిగాడు.

"చస్తాయి," అన్నాడు రామచంద్రం. మూటను ముక్కు దగ్గరికి తెచ్చుకుని వాసన చూశాడు. పచ్చి పేడ, తడి మట్టి, అప్పుడే లేచిన గింజ వాసన. "మేలుకున్నాయయ్యా. మళ్లీ పడుకోబెట్టలేం."

"మరి పంచుడు?"

"మొలకను ఏం పంచుతావు? పంట వచ్చాక పంచుకుంటామని రాయి."

"అప్పటిదాక మీరుంటరా?"

"ఆర్డరు వచ్చేదాకా ఉంటాను."

నిరంజన్ చాలాసేపు తల గోక్కున్నాడు. అందులో సగం గింజలైనా లేవలేదు. లేచినవి ఒక రోజు కూడా ఆగవు. చివరికి బండిని మిగతా కవర్లతో పంపేసి, ప్యాంటు మడిచి, సంచుల్లోకి మట్టి ఎత్తడానికి తనే పార పట్టుకున్నాడు.

ఆ ఏడు మిర్గంలో వాన లేదు. ఆకాశం ఉతికి ఆరేసిన గుడ్డలా తెల్లగా ఉండిపోయింది. చేనులో పెడితే మాడిపోతాయని, నల్లమట్టి నింపిన పాలితిన్ సంచుల్లో గింజకొక సంచి చొప్పున పెట్టి గోదాం చూరు కింద నీడలో వరుసగా నిలిపారు. వనిత చెంబుతో నీళ్లు పోసేది. పోసి, పిల్ల ముక్కు కింద వేలు పెట్టి చూసేది. మళ్లీ వచ్చి సంచుల ముందు కూర్చునేది. మధ్యాహ్నం వడగాలిలో ఊరూ, రోడ్డూ, కంచే అన్నీ కరిగి వణికేవి. ఆ వణుకులో సంచులన్నీ మెల్లగా ఊపిరి తీస్తున్నట్టు కనిపించేవి. లోపల ఎవరో చిన్నగా దగ్గినట్టు కూడా ఒకసారి వినిపించింది. పిల్ల దగ్గిందేమోనని పరిగెత్తింది. పిల్ల నిద్రపోతోంది.

"గిట్ల సూస్తే ఆ మొలకలు సిగ్గువడి బయటికి రావే," అని రాజక్క అంది.

ఒక పొద్దున మట్టి బీటలిచ్చి, మడిచిన ఆకులు రెండు తల దించుకుని లేచాయి. తర్వాత ఇంకో సంచిలో. కొన్ని లేచి వాలిపోయాయి. వాలిన ప్రతిదానికీ వనిత ఆ రోజు అన్నం సగమే తింది. మగని జీపు చప్పుడు వినబడగానే ఎదురుపోయి, "ఒకటి పోయింది," అనేది. మల్లేష్ ఉట్నూర్, ఆదిలాబాద్ మధ్య ప్రయాణికుల జీపు నడుపుతాడు. మొదట్లో ఎవరు పోయారోనని పరేషాన్ అయ్యేవాడు. తర్వాత తర్వాత, "మిగిలినయ్ మంచిగున్నయా?" అని అడగడం నేర్చుకున్నాడు.

వానలు ఆలస్యంగా వచ్చాయి, కానీ వచ్చాయి. బతికిన మొక్కలను చేనులో ఒక మూలన నాటారు. వానలు తెరిపిచ్చాక పూత వచ్చింది. ఇతర పుప్పొడి కలవకూడదని విచ్చుకోబోయే మొగ్గల కొసలకు బంకమన్ను పూసి మూయడం వనిత పని. ఇన్నేళ్లూ మొగ్గలను ఒలిచిన గోరు ఆ కాలమంతా ఊరికే ఉంది. మన్ను పూసిన మొగ్గలోపల పువ్వు తనలో తాను విచ్చుకుని, ఎవరికీ కనబడకుండానే కాయ అయ్యేది. మన్ను పూయడం మరిచిన మొగ్గలు ఒకటి రెండు మాత్రం పొద్దున్నే పసుపుగా వెలిగేవి. వాటిని తుంచి పిల్ల చెవిలో పెట్టేది.

కాయ పగిలేనాటికి రామచంద్రం సారు ఆర్డరు వచ్చింది. వనిత ఇక దాచలేక, ఒక ఆదివారం ఊరికి పోయి తల్లికి సంగతంతా చెప్పింది.

"గుప్పెడే మిగిలెనా?" అంది లింగవ్వ. "ఇన్ని పండుగలకు వచ్చి, తిని, పండి, పోయినవ్. ఒక్క మాట నోట్ల నుంచి ఊడి పడలే. పేడ వెట్టే తెలివి ఉన్నది గని, కన్న అవ్వకు చెప్పే తెలివి లేకపాయె."

"నీకు ఫికర్ అయితదని..."

"నాకు ఫికరయితదని నువ్వు ఫికరయినవా? ఇగ లేవు, పోదాం పా."

మర్నాడు అల్లుడి జీపులో తల్లి ఫారానికి వచ్చింది. జీపు దిగి నేరుగా ఆ మూలకు నడిచింది. కిందికి వేలాడుతున్న కాయల నుంచి దూది జారి గాలికి ఊగుతోంది. లింగవ్వ ఒక కాయ ఏరి, దూది పీకి, గింజను పంటి కింద నొక్కి చూసింది. ఇంకో చెట్టు దగ్గరా అదే చేసింది. చాలాసేపటికి, "నాదే," అంది.

గోదాంలో చాప పరిచి అందరూ కలిసి గింజలు తీశారు. రెండు కుప్పలు లేచాయి. రామచంద్రం తన కుప్పను గుడ్డసంచిలోకి ఎత్తుతుంటే లింగవ్వ చూస్తోంది.

"సారూ, గా మీ దిక్కు నల్లరేగడి ఉన్నదా?"

"ఉందవ్వా. మా ఒంగోలు దగ్గరంతా నల్లనేలే."

"వానలు?"

"ఇక్కడంత లేవు."

"దీనికి తక్కువైనా నడుస్తది. పోనీ." ఆమె నిరంజన్ వైపు తిరిగింది. "ఆయనకొక పాలు, నీకొక పాలు. ఇచ్చిందాన్ని నేను. నా పాలేది బిడ్డా?"

నిరంజన్ ఇబ్బందిగా నవ్వాడు. "రూలు రెండు పాళ్లకే ఉన్నదవ్వా." చాప మీది తన కుప్పలో చెయ్యి పెట్టి, ఊరికే అటూ ఇటూ కదిపాడు. గింజలు గుప్పెళ్లు గుప్పెళ్లుగా చాప దాటి లింగవ్వ కాళ్ల దగ్గరికి దొర్లాయి. "ఏరంగ ఏరంగ కింద పడ్తనే ఉంటయ్. కింద పడ్డయి ఎవరు ఏరుకుంటే వాళ్లయి. అంతే గద సార్?"

"అంతే," అన్నాడు రామచంద్రం. ఆయన కూడా చెయ్యి జారవిడిచాడు.

లింగవ్వ వాటిని కొంగులో ముడివేసుకుంది. చల్లటి గదిలోనే ఉంచి పొమ్మని వనిత బతిమాలినా వినలేదు.

సాయంత్రం జీపు ఉట్నూర్ దారి పట్టింది. వనిత ఒళ్లో పిల్ల, భుజం మీద నిద్రపోతున్న తల్లి తల. దారి పొడుగునా తీతకొచ్చిన పత్తి చేలు మసక వెలుతురులో తెల్లగా తేలిపోతున్నాయి. వనిత చెయ్యి తల్లి కొంగుముడి మీద ఉంది. ఇంట్లో ఎలుకలున్నాయి. పైకప్పు కారుతుంది. వచ్చే మిర్గం దాకా ఎన్ని నెలలు! తల్లి మరిచిపోతే? చెమ్మ తగిలితే?

ఇంద్రవెల్లిలో ఒక నడివయసు ఆమె గంపతో ఎక్కి ఎదురుగా కూర్చుంది. లింగవ్వ కొంగుకు అంటిన దూదిని వేలితో తీసి, నలిపి చూసింది.

"గిది పాత పత్తి గాదె? మా నాయినమ్మ పెడ్తుండె. కాయ కిందికి వంగుతుండె. ఏడ దొరికింది? జర నాలుగు ఇత్తులియ్యరాదె పిల్లా."

వనిత ముడిని గట్టిగా పట్టుకుంది. తల్లిని లేపుదామనుకుంది. లింగవ్వ నోరు తెరుచుకుని గాఢంగా నిద్రపోతోంది. ఆ ఆడమనిషి అరచెయ్యి చాపి అట్లాగే ఉంది. ఆ చెయ్యి గీతల్లో నల్లమట్టి ఉంది. అన్ని గింజలూ ఒక్క గదిలో, ఒక్క కవరులో ఉన్న రోజులు వనిత కళ్ల ముందు కదిలాయి. ఆ కవరు ముందు ఊపిరి బిగబట్టి నిలబడ్డ రోజులు.

ఆమె ముడి విప్పింది. చిటికెడు తీసింది. తక్కువనిపించి ఇంకాస్త తీసి ఆ అరచేతిలో పోసింది.

"నాకు గూడ బిడ్డా," అంది ఆమె పక్కనే కూర్చున్న ఒక ముసలామె. వెనక సీటులోంచి ఇంకో చెయ్యి ముందుకు వచ్చింది.

"ఊరు వచ్చేదాక ఏమన్న మిగుల్తయానే?" అన్నాడు మల్లేష్, అద్దంలోంచి చూస్తూ.

"ఏమో," అంది వనిత. "నువ్వు జర మెల్లగ నడుపు, గింజలు పడ్తయ్."